దీర్ఘాసి దీపము: సేనాని వనపతి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



టెక్కలినుండి ఈశాన్యముగా బయలుదేరి, పలాస మీదుగా సోంపేట, కంచిలి దాటి ఇచ్ఛాపురము చేరు దారిని ఎరుగనివారు ఈ సభయందు లేరు. ఆ దారిని పోవువానికి ఎడమవైపున తూర్పుకనుమలు, వానియందు మబ్బులలో తల దాచుకొను మహేంద్రగిరి కనబడును. కుడివైపున ఉద్దానపు కొబ్బరితోటలు, వానికావల ఇసుకతిన్నెలు, ఆపైన బంగాళాఖాతము. కొండకును కడలికిని నడుమ నున్న ఈ సన్నని నేలమీదనే నేడు రైలుమార్గమును, జాతీయరహదారియు ప్రక్కప్రక్కగా సాగుచున్నవి. దక్షిణదేశమునుండి ఉత్తరమునకు, ఉత్తరదేశమునుండి దక్షిణమునకు పెద్దసేన నడువవలెనన్నచో ఇంతకంటె సుగమమైన దారి ఈ తీరమున లేదు. గంగానదివరకు విజయయాత్ర సాగించిన రాజేంద్రచోళుని సేనలు సుమారు 1022, 1023 సంవత్సరములయందు ఈ కళింగమును దాటియే పోయినవి. మహేంద్రగిరిమీద చోళుల శాసనము నేటికిని అందుకు సాక్ష్యము పలుకుచున్నది. తరువాతి శతాబ్దములలో గోలకొండవారి సేనలును, ఆంగ్లేయుల పటాలములును ఈ ప్రాంతమునకు వచ్చినవే.

ఇన్ని సేనలు నడచిన నేలయందు పుట్టిన బాలుని పిలిచి, "ఈ దేశపు సేనానులలో ఒక్కని పేరు చెప్పుము" అని అడిగినచో ఏమి చెప్పును? చరిత్రపుస్తకమున చదివిన ఏ పరదేశపు సేనాని పేరో చెప్పును. లేదా పత్రికలలో వచ్చిన వియత్నాము సేనాని జియాపు పేరు చెప్పును. 1954 మే 7న దియెన్ బియెన్ ఫూ కోటయందు ఫ్రెంచివారిని లొంగదీసిన ఆ వీరుని పేరు తెలిసియుండుట మంచిదే. కాని తన ఊరికి ఒక దినపు నడకలో శిలపై చెక్కబడియున్న పేరు తెలియకపోవుట మాత్రము మంచిది కాదు. ఆ పేరు వనపతి. కొందరు చరిత్రకారులు బాణపతి యనియు వ్రాసిరి. ఆ సేనాని యుద్ధజీవితమును గూర్చియు, అది నేటివరకు నిలిచిన విధమును గూర్చియు విచారించుట ఈ ప్రసంగమునకు విషయము.

టెక్కలికి దక్షిణముగా, వంశధార సముద్రమున కలియు కళింగపట్టణమునకు ఉత్తరముగా, దీర్ఘాసి యను గ్రామము కలదు. సంస్కృతవ్యుత్పత్తి ననుసరించి చూచినచో దీర్ఘాసి యనగా పొడవైన కత్తి. అచ్చట భగవతీదేవి ఆలయమునకు సంబంధించిన శిలాశాసన మొకటి లభించినది. దాని కాలము శాలివాహనశకము 997, అనగా క్రీస్తుశకము 1075-76. గంగవంశపు రాజైన రాజరాజదేవుని కొలువున ప్రతీహారిగా నున్న వనపతి యను బ్రాహ్మణుడు దేవి గుడిముందు మండపము కట్టించి, అఖండదీపమునకు ఏర్పాటు చేసినట్లు అది చెప్పుచున్నది. అంతమాత్రమే చెప్పియుండినచో ఆ కాలపు వందలకొలది దానశాసనములలో అదియు నొకటిగా నుండెడిది. కాని అది దాత చేసిన యుద్ధములనుగూడ పేర్కొనినది. అందుచేతనే దానికి చరిత్రయందు ప్రత్యేకస్థానము లభించినది.

ఈ శాసనమును చదివి లోకమునకు వెల్లడించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారు 1863 ఆగస్టు 29న ముఖలింగక్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. ఉన్నతవిద్యకు పోవు వీలులేక, 1880లో పర్లాకిమిడియందు ఉపాధ్యాయులుగా చేరి, ఉద్యోగము చేయుచునే చదివి పట్టభద్రులైరి. ముఖలింగేశ్వరుని ఆలయమున రాళ్లమీద నున్న అక్షరములను చూచి, అవి ఏమి చెప్పుచున్నవో తెలిసికొనవలెనను కోరికచే ప్రాచీనలిపులను తమంత తాముగా నేర్చిరి. ముఖలింగమే పూర్వపు కళింగనగరమని వారు ప్రతిపాదించిరి. దీర్ఘాసి శాసనమును గూర్చి వారు వ్రాసిన వ్యాసము 'ఎపిగ్రాఫియా ఇండికా' నాల్గవ సంపుటమున 1896-97 ప్రాంతమున వెలువడినది. వ్యావహారికభాషోద్యమమునకు నాయకులుగా, సవరభాషకు నిఘంటువును వ్యాకరణమును కూర్చిన పండితులుగా వారిని లోకమెరుగును. ఎనిమిదివందల యేండ్లు మరుగున పడియున్న సేనానిని మరల వెలుగులోనికి తెచ్చినవారుగాగూడ వారిని ఈ ప్రాంతమువారు స్మరింపవలసియున్నది.

ఇక వనపతి చేసిన యుద్ధములు. శాసనము ననుసరించి ఆతడు వేంగిరాజుతో పలుమారులు పోరి గెలిచెను. చోళులను ఎదిరించెను. కిమిడి, కోసలము, గిద్రిసింగి, ఓడ్రదేశములను జయించెను. ఈ పేర్లను పటమున గుర్తించినచో ఆతని జీవితమెంత దూరము నడచినదో తెలియును. వేంగి దక్షిణమున గోదావరీ కృష్ణానదుల నడిమి దేశము. కిమిడి టెక్కలికి ఆవల మన్యమునకు వాకిలి. ఓడ్రము ఈ ఉద్దానపు తీరమునకు ఉత్తరమున, చిలుకసరస్సునకు ఆవల వ్యాపించిన దేశము. కోసలము తూర్పుకనుమలకు పడమర, మహానదీ ఎగువభాగమున నున్న దక్షిణకోసలము. ఒక చిన్నరాజ్యపు సేనాని దక్షిణమున మైదానముల యందును, ఉత్తరమున కడలితీరమునను, పడమట అడవులలోను పోరవలసివచ్చెను. అంతటి పనికి అశ్వబలమో గజబలమో మాత్రమే చాలదు. ఏ ఋతువున ఏ నది దాటవచ్చునో, ఏ లోయలో ధాన్యము దొరకునో, ఏ కనుమ ఎప్పుడు మూతపడునో ఎరిగిన బుద్ధి కావలెను. వంశధార, నాగావళి, మహేంద్రతనయ మొదలగు నదులు వానకాలమున ఎట్లు పొంగునో చూచిన ఈ ప్రాంతపు రైతునకు ఆ కష్టము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ యుద్ధము లేల జరిగినవి? అందుకు వేంగిదేశపు కథ కొంత తెలిసికొనవలెను. నన్నయభట్టుచే మహాభారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు 1061లో మరణించెను. సవతితమ్ముడగు విజయాదిత్యుడు వేంగిసింహాసన మాక్రమించెను. నరేంద్రుని కుమారుడు రాజేంద్రుడు తల్లివైపున చోళచక్రవర్తులకు దౌహిత్రుడు. ఆతడు 1070లో చోళసింహాసనమునే అధిష్ఠించి కులోత్తుంగచోళుడని ప్రసిద్ధి కెక్కెను. అదే 1070 ప్రాంతమున ముఖలింగమున గంగరాజు రాజరాజదేవుడు పట్టమునకు వచ్చెను. వృద్ధుడగుచున్న విజయాదిత్యునకు ఒకవైపున చోళుల భయము, వేరొకవైపున తన బలహీనత. ఆ సమయమున గంగరాజు ఆతనికి అండగా నిలిచెనని, చోళసముద్రమున మునుగబోవుచున్నవానిని ఉద్ధరించెనని ఆతని కుమారుడు అనంతవర్మచోడగంగుని శాలివాహనశకము 1040 నాటి విశాఖపట్టణ తామ్రశాసనము చెప్పుచున్నది. రాజరాజదేవుడు ద్రమిళులతో పోరి గెలిచెననియు, పిదప చోళరాజపుత్రి రాజసుందరిని పెండ్లాడెననియు ఆ శాసనమే చెప్పుచున్నది.

ఇచ్చట రెండు శాసనములను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. తామ్రశాసనము రాజుది. అందు యుద్ధము గెలిచినవాడు రాజు. శిలాశాసనము సేవకునిది. అందు యుద్ధము గెలిచినవాడు సేనాని. దీర్ఘాసి శిలయే లేకున్నచో, దక్షిణదిక్కున చోళసేనకు ఎదురుగా నిలిచినదెవ్వరో ఎన్నటికిని తెలియకపోయెడిది. ప్రపంచమున సేనానుల చరిత్ర తరచుగా ఇట్లే యుండును. గెలుపు ప్రభువు పేర వ్రాయబడును. సేనాని పేరు వ్రాయబడుట అదృష్టము. ఆ సేనాని వెనుక నడచిన భటుని పేరు ఏ శిలయందును ఉండదు. వనపతి శాసనముగూడ అందుకు మినహాయింపు కాదు. కిమిడికొండలలోనో, గోదావరియొడ్డుననో పడిపోయి ఈ తీరపు పల్లెలకు తిరిగిరానివారి లెక్క అందు లేదు.

శాసనములలోని విజయములను అక్షరాల నమ్మవచ్చునా యను ప్రశ్న విద్యార్థులకు కలుగవలెను. కలుగకున్న చరిత్ర చదివిన ఫలము లేదు. ప్రశస్తి వ్రాయించువాడు తన ఓటమిని వ్రాయింపడు. చోళుల శాసనములు చదివినచో కళింగమును గెలిచినది తామేయని చెప్పును. వాదులిద్దరును తామే గెలిచితిమని చెప్పునప్పుడు న్యాయాధిపతి ఏమి చేయును? తరువాత ఆస్తి ఎవరి అనుభవమున నున్నదో చూచును. ఆ రీతిగా చూచినచో సంగతి తేటపడును. విజయాదిత్యుడు 1075 ప్రాంతమున గతించెను. పిదప వేంగిని పాలించినవారు కులోత్తుంగుని కుమారులు. వనపతి పలుమారులు గెలిచిన వేంగి గంగరాజులకు దక్కలేదు. కాని చోళసేన ముఖలింగమునుగూడ అప్పుడు స్వాధీనపరచుకొనలేదు. యుద్ధము పెండ్లితో ముగిసినది. కావున వనపతి చేసినపని దేశములను జయించుటకంటె తన దేశమును నిలుపుట యని చెప్పినచో సత్యమునకు దగ్గరగా నుండును. పెద్దరాజ్యమునకు ప్రక్కన నున్న చిన్నరాజ్యపు సేనాని ఇంతకంటె ఆశింపదగినది లేదు. ఇది తక్కువ గౌరవము కాదు.

ఈ నిలుపుదలకు ఫలమేమో వెనువెంటనే కనబడినది. రాజరాజదేవుడు బహుకాలము బ్రదుకలేదు. 1078లో ఆతని కుమారుడు అనంతవర్మచోడగంగుడు బాలుడై యుండగనే పట్టాభిషిక్తుడయ్యెను. తల్లి చోళరాజపుత్రి, తండ్రి గంగరాజు. ఆ బాలునికి చెక్కుచెదరని రాజ్యము చేతికి వచ్చినది. ఆతడు సుమారు డెబ్బది యేండ్లు పాలించి, ఉత్కలమును జయించి, పూరీయందలి జగన్నాథాలయ నిర్మాణమునకు కారకుడయ్యెను. నడుమ 1110 ప్రాంతమున కులోత్తుంగుని సేనాని కరుణాకరతొండైమాను కళింగముమీదికి దండెత్తివచ్చి గొప్పవిజయము సాధించెను. ఆ విజయమును జయంగొండారు అను కవి 'కళింగత్తుప్పరణి' యను తమిళకావ్యముగా రచించెను. ఇచ్చట ఒక వింత కలదు. కళింగమును కొల్లగొట్టిన సేనాని పేరు తమిళదేశమున పాఠశాలలో చదివెదరు. కళింగమును కాపాడిన సేనాని పేరు కళింగమునందే మరచిరి. గెలుపోటములచే నైన భేదము కాదిది. ఒకనికి కావ్యము దొరకినది, దానిని చదువువారు దొరకిరి. రెండవవానికి ఒక్క శిల దొరకినది, దానిని చదువువారు ఎనిమిది శతాబ్దములు దొరకలేదు.

ఈ మాటను ఇంకను స్పష్టముగా గ్రహించుటకు సముద్రమునకావల వియత్నాము దేశమును చూడవలెను. కారణమేమనగా, వనపతి దీర్ఘాసియందు శిల నిలిపిన ఆ సంవత్సరముననే వియత్నామునందును ఒక సేనాని తన జీవితమున పెద్ద యుద్ధమును చేయుచుండెను. ఆతని పేరు లీ థువాంగ్ కియెట్. 1019లో జన్మించెను. అంతఃపురోద్యోగిగా రాజుకొలువున చేరి, క్రమముగా సైన్యాధిపతియయ్యెను. వనపతి రాజద్వారమును కాచు ప్రతీహారి, ఈతడు అంతఃపురమును కాచు ఉద్యోగి. ఇద్దరును ద్వారమునుండి రణభూమికి నడచినవారు. వియత్నామునకు ఉత్తరమున చీనాదేశపు సుంగ్ సామ్రాజ్యము, దక్షిణమున చంపారాజ్యము. చంపారాజులు సంస్కృతనామములు గలవారు, శివుని కొలిచినవారు. 1069లో చంపాపై జరిగిన దండయాత్రయందు థువాంగ్ కియెట్ పాల్గొని, రుద్రవర్మయను రాజు పట్టుబడుటకు కారకుడయ్యెను. మూడుమండలములను వియత్నాము రాజునకిచ్చి రుద్రవర్మ విడుదల పొందెను.

1072లో వియత్నాము రాజు గతించి, ఆరేండ్ల బాలుడు సింహాసనమెక్కెను. ఉత్తరమున సుంగ్ సామ్రాజ్యము సరిహద్దున సేనలను సమకూర్చుకొనుచుండెను. శత్రువు సిద్ధమగువరకు వేచియుండుట కంటె ముందుగా పోయి ఆతని కొట్లను నాశనము చేయుట మేలని థువాంగ్ కియెట్ తలచెను. 1075 చివరను నేలమీదను నీటిమీదను సేనలను నడపి, సరిహద్దుపట్టణములను పట్టి, నేడు నాన్నింగు అని పిలువబడు కోటను నలువదిరెండు దినములు ముట్టడించి 1076 మార్చిలో గైకొనెను. పిదప స్వదేశమునకు మరలి నదీతీరమున కట్టలు పోయించి, వెదురు దడులు నాటించి సిద్ధపడెను. 1077లో సుంగ్ సేనాని గువో క్వీ మహాసైన్యముతో వచ్చి ఆ న్హూ న్గుయెట్ నది దాటలేక, వ్యాధులచే భటులను కోల్పోయి, సంధికి ఒడంబడి వెనుదిరిగెను. ఆ రాత్రులలో నదీతీరమున నున్న గుడినుండి స్వదేశమును గూర్చిన పద్యము వినవచ్చి భటులకు ధైర్యము కలిగించెనని ఐతిహ్యము. పద్యకర్త థువాంగ్ కియెట్ అని ప్రజలు చెప్పుకొందురు. పండితులు దానిని నిశ్చయముగా అంగీకరింపరు.

ఈతని చరిత్రయు మచ్చలేనిది కాదు. నాన్నింగు కోట పడిన పిదప అచ్చటి ప్రజలను వేలకొలదిగా వధించిరని చరిత్రకారులు వ్రాసిరి. కోటను కాచిన సు జియాన్ అను అధికారి లొంగిపోక ఆత్మహత్య చేసికొనెను. స్వదేశరక్షణకై బయలుదేరిన సేన పరదేశపు పట్టణమున అట్టి పని చేసినది. సేనానుల పేర్లు పిల్లలకు చెప్పునప్పుడు ఈ భాగమును దాచిపెట్టరాదు. వనపతి సేనలు వేంగియందును కోసలమందును ఏమి చేసినవో అచ్చట ఇండ్లు కాలినవారు శిల నిలుపలేదు గనుక తెలియదు. తెలియనంతమాత్రమున జరుగలేదనరాదు.

ఇద్దరి మధ్యను ఇంత పోలికయుండగా భేదమెక్కడ? థువాంగ్ కియెట్ 1105లో మరణించెను. ఆతని కార్యములను చెప్పు శిలలను ఆతడు పాలించిన థాన్ హోవా ప్రాంతపు బౌద్ధాలయములలో నిలిపిరి. 1479లో న్గో సీ లియెన్ అను పండితుడు కూర్చిన దేశచరిత్రయందు ఆతని కథ చేరినది. తరువాత ఇన్ని శతాబ్దములలో ఎన్ని రాజవంశములు మారినను, పరాయిపాలన వచ్చినను, ఆ కథను చదువుట ఆగలేదు. నేడు హనోయి నగరమున ఒక పెద్దవీథికి ఆతని పేరే యున్నది. మొదట పేర్కొన్న జియాపు సేనాని (1911-2013) యుద్ధమునకు పూర్వము హనోయిలో చరిత్రోపాధ్యాయుడు. ఏ సైనికవిద్యాలయమునను ఆతడు చదువలేదు. పూర్వుల యుద్ధములను తరగతిగదిలో పిల్లలకు చెప్పుచుండెడివాడు. చదివిన చరిత్ర ఒక సేనానిని తయారుచేయుటకు ఎంత సహాయపడునో ఆతని జీవితమే ఉదాహరణము.

ఇచ్చట ఇద్దరు ఉపాధ్యాయులను కలిపి తలచుకొనవచ్చును. హనోయి ఉపాధ్యాయుడు చరిత్రపుస్తకమును మూసి యుద్ధమునకు నడచెను. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు రాతిమీది అక్షరములయొద్ద కూర్చుండి, ఎప్పుడో ముగిసిన యుద్ధమును చదివెను. మొదటివాని పని చేయవలసిన అవసరము ఈ దేశపు బాలురకు రాకుండుగాక. రెండవవాని పని మాత్రము ఏ ఊరి బాలుడైనను చేయవచ్చును. దానికి కావలసినది అక్షరజ్ఞానము, ఓపిక, తన ఊరియందు ప్రీతి.

వనపతి శాసనమునందు మరియొక విశేషము కలదు. అది తెలుగుశాసనము. నన్నయభట్టు భారతరచన సాగించిన తరమునకు వెనువెంటనే, రాజమహేంద్రవరమునకు ఎంతో దూరమున, ఈ కళింగతీరమున, ఒక సేనాని తన కార్యములను తెలుగుపద్యమున చెక్కించుకొనెను. రాజుల తామ్రశాసనములు సంస్కృతమున నున్న కాలమది. దేవాలయమునకు వచ్చు జనులు వినినచో తెలియునట్లు తన మాట ఉండవలెనని ఆతడు తలచియుండును. ఉత్తరాంధ్రమున తెలుగుపద్యము ఎప్పటినుండి యున్నదని అడుగువారికి ఈ శిలయే సమాధానము.

చివరకు దీపమును గూర్చి ఒక మాట. ఇన్ని యుద్ధములు చేసినవాడు శిల చెక్కించినది జయస్తంభముగా కాదు. గుడిముందు నలుగురు కూర్చుండుటకు మండపము కట్టించి, రేయింబగళ్లు ఆరని దీపమునకు ఏర్పాటు చేసి, ఆ సందర్భమున తానెవ్వరో చెప్పుకొనెను. ఆ రోజులలో అఖండదీపమనగా గొప్ప బాధ్యత. దాత గుడికి పశువులనో ద్రవ్యమునో సమర్పించును. దానిని గైకొన్నవారు తరతరములుగా దినదినమును నేయి కొలిచి పోయవలెను. ఒక్కదినము ఎవ్వరు మరచినను దీపమారును. దాత యెంతటి వీరుడైనను దానిని తాను నిలుపలేడు. తరువాతివారు నిలుపవలెను. వనపతి గెలిచిన వేంగి చేజారినది. ఓడ్రమును కోసలమును గెలిచిన వంశమే కాలగర్భమున కలిసినది. ముఖలింగము రాజధానిగా లేదు. దీపమునకు ఇచ్చిన ధనము ఎప్పుడో వ్యయమైనది. మిగిలినవి అక్షరములు.

ఉద్దానపు తోటలకును ఇదే సూత్రము వర్తించును. నేడు పలాస యనగానే జీడిపప్పు గుర్తుకు వచ్చును. వనపతి కాలమున ఈ తీరమున జీడిమామిడియే లేదు. అది పోర్చుగీసువారు సముద్రముమీద తెచ్చిన చెట్టు. ఎవరో నాటిరి, తరువాతివారు కాపాడిరి, నేడది జీవనాధారమైనది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాసకు సమీపమున తీరము దాటి, ఏండ్లతరబడి పెంచిన కొబ్బరిచెట్లను ఒక్కరాత్రియందు కూల్చినది. అయినను రైతు మరల మొక్క నాటెను. కాపు తన కంటికి కనబడునా యని శంకించినవాడు కొబ్బరిమొక్క నాటడు.

గ్రంథాలయ నిర్వహణము ఈ రెంటినిబోలిన పనియే. ఇరువదియైదు సంవత్సరములుగా ప్రతిదినము తలుపు తెరచి, పత్రికలు సర్ది, చిరిగిన పుస్తకమునకు అట్టవేసి, చదువరి వచ్చినను రాకున్నను దీపము పెట్టుట సులభమైన సేవ కాదు. అట్టి సేవచేసినవారి పేర్లు శిలలపై చెక్కబడవు. కాని వారు లేకున్నచో వనపతులెందరో మరల మరుగున పడుదురు. ఈ ప్రాంతమున పొలములగట్లను, చెరువుల యొడ్డులను, పాడుపడిన గుడులయందును అక్షరములున్న రాళ్లు ఇంకను ఉండవచ్చును. వానిపై బట్టలుదుకకుండ, పశువులను కట్టకుండ, గోడలలో కలిపి కట్టకుండ కాపాడుట యువకులకు తగిన పని. అట్టిది కనబడినచో దానిని ఉన్న తావునందే ఉంచి, పురావస్తుశాఖవారికి తెలియజేయవలెను. సున్నము పూయరాదు, గీకరాదు.

ఇకపై ఈ గ్రంథాలయమున స్థానికచరిత్రకు ఒక బీరువా కేటాయింపబడుగాక. అందు ముఖలింగ శాసనములును, దీర్ఘాసి శాసనపాఠమును, గిడుగువారి జీవితమును చేరుగాక. వియత్నాము వీరుని పేరు తెలిసిన బాలుడు ఆ బీరువా తలుపు తెరచినప్పుడు, తన తీరపు సేనాని పేరునుగూడ తెలిసికొనును. ఆతడు గెలిచినదెంత, నిలిపినదెంత, ఆ గెలుపునకు ఎవరెవరు ప్రాణములిచ్చిరి యని విచారించును. అట్లు విచారించు బాలుడు ఒక్కడున్నను, తొమ్మిది శతాబ్దములక్రిందట దీర్ఘాసియందు వెలిగించిన దీపము ఆరలేదని భావింపవచ్చును.